గిటారు కిట్ కొనే ముందు అడ్డవంపు అడగండి

పర్లాకిమిడిలో మా ఇంటి తూర్పు గదికి ఒకటే కిటికీ. ఉదయం ఏడు గంటల వేళ ఆ కిటికీకి ఎదురుగా గిటారు నెక్‌ను, అంటే మెడలాంటి పొడుగు చెక్కను, పట్టుకుని, పాత కేలండరు అట్టతో కత్తిరించిన వంపుముక్కను దాని మీద అడ్డంగా నిలబెట్టి, రెండింటి మధ్య నుంచి వెలుగు ఎక్కడ కారుతోందో చూడడం ఈమధ్య నాకు అలవాటైంది. మధ్యలో సన్నని వెలుగుగీత కనిపిస్తే బోర్డు (నెక్ మీద వేళ్లు నొక్కే పలక) కంటే అట్ట వంపు ఎక్కువని అర్థం. రెండు అంచుల దగ్గర కనిపిస్తే బోర్డు వంపే ఎక్కువ. ఎక్కడా వెలుగు రాకపోతే రెండూ ఒకటే. మొత్తం పది నిమిషాల పని. నా మొదటి కిట్ కొన్నప్పుడు ఈ పది నిమిషాలు నేను పెట్టలేదు. అందుకు మూడు నెలలు, ఒక బ్రిడ్జి, స్నేహితుల ముందు కొంత పరువు ఖర్చయ్యాయి.

విడిభాగాలన్నీ ఒక పెట్టెలో వచ్చి మనమే బిగించుకునే గిటారును కిట్ అంటున్నాను. అందులో బాడీ, నెక్, తీగల కదలికను పట్టే పికప్‌లు, తీగలు బిగించే బిరడలు, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి, నెక్ కొసన తీగలు ఆనే నట్, ఒక సంచీడు మరలు ఉంటాయి. కిట్ కొనబోయేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఇవే: ఏ చెక్క, ఏ పికప్, ఏ రంగు. ఫ్రెట్‌బోర్డ్ రేడియస్, అంటే ఆ బోర్డు అడ్డవంపు, ఎంత అని అడిగినవారు ఇప్పటివరకు ఇద్దరే. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పికప్ నచ్చకపోతే నాలుగు టంకాలు విప్పి మార్చుకోవచ్చు, బిరడలకు స్క్రూడ్రైవరు చాలు, రంగుకు ఉప్పు కాగితం చాలు. ఫ్రెట్‌బోర్డ్ అడ్డవంపు మాత్రం కొన్న రోజున ఎంత ఉందో, మెట్లన్నీ (ఫ్రెట్లన్నీ) పీకి పారేస్తే తప్ప, చివరిదాకా అంతే ఉంటుంది. పైగా నట్, బ్రిడ్జి రెండూ దాన్ని అనుసరించి తీరాలి. ఒక వస్తువులో మార్చలేనిదీ మిగతా భాగాలను శాసించేదీ ఒకటే అయినప్పుడు, మొదట అడగవలసిన ప్రశ్న కూడా అదే అవుతుంది.

ఇక్కడ మన భాషతో నాకొక చిక్కుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిలో ఉండి మాట కోసం తడుముకోవడం బాగుండదు గాని, "నెక్ వంపు" అంటే మనవాళ్లకు రెండు అర్థాలు తోస్తాయి. ఒకటి తీగల లాగుడుకు నెక్ విల్లులాగా పొడవునా వంగడం. దాన్ని లోపలి ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, తిప్పి సరిచేస్తారు. రెండవది బోర్డును అడ్డంగా కోస్తే తాబేలు వీపులా కనిపించే గుండ్రం. మొదటిది వాతావరణాన్ని బట్టి మారుతుంది, వానాకాలంలో ఒకలా, మాఘంలో ఒకలా ఉంటుంది. రెండవది చెక్కినప్పుడే నిర్ణయమైపోతుంది. ఒక దుకాణదారుకు ఫోను చేసి వంపు ఎంత అని నేనడిగితే, "వంపేమీ లేదు సార్, నెక్ తిన్నగా ఉంది" అని ఆయన ధైర్యం చెప్పాడు. ఆయన అబద్ధమాడలేదు, నేనే సరైన ప్రశ్న వేయలేదు. అప్పటినుంచి పొడవుది నిలువువంపు, రెండవది అడ్డవంపు అని పేర్లు పెట్టుకున్నాను. ఇక్కడా అవే వాడతాను.

అడ్డవంపును కొలిచే సంఖ్యే రేడియస్. బోర్డు పైభాగాన్ని ఒక పెద్ద వృత్తంలోని చిన్న చాపంగా ఊహించుకుంటే, ఆ వృత్తపు వ్యాసార్ధం అన్నమాట. సంఖ్య పెరిగే కొద్దీ బోర్డు చదునవుతుంది. ఇది మొదట్లో అందరినీ తికమక పెడుతుంది, ఎక్కువ అంకె అంటే ఎక్కువ గుండ్రం అనుకుంటారు. ఫెండర్ 1950ల నాటి టెలికాస్టర్, స్ట్రాటోకాస్టర్ గిటార్లకు 7.25 అంగుళాలు, అంటే 184 మిల్లీమీటర్లు వాడింది. 1980ల చివర నుంచి తన ప్రధాన మోడళ్లకు 9.5 అంగుళాలకు, అంటే 241 మిల్లీమీటర్లకు మారింది. గిబ్సన్ లెస్ పాల్‌కు 12 అంగుళాలు, అంటే 305 మిల్లీమీటర్లు, మార్టిన్ అకూస్టిక్ గిటార్లకు 16 అంగుళాలు. వేగంగా వాయించేవారి కోసం చేసే ఐబనీజ్ గిటార్లలో 400, 430 మిల్లీమీటర్లు కనిపిస్తాయి. క్లాసికల్ గిటారు బోర్డు మామూలుగా పూర్తిగా చదును. దీనికి మరో కొసన వయొలిన్ ఉంది. కమాను ఒక్కో తీగనే తాకాలి గనుక దాని బోర్డు సుమారు 42 మిల్లీమీటర్ల రేడియస్‌తో బాగా గుండ్రంగా ఉంటుంది.

ఈ తేడాలు కంటికి ఎంత కనిపిస్తాయి? నట్ దగ్గర బోర్డు వెడల్పు 42 మిల్లీమీటర్లు అనుకుందాం. 184 రేడియస్‌లో అంచుల కంటే మధ్యభాగం 1.2 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. 305లో 0.7, 400లో 0.55. అంటే తాబేలు వీపు ఎత్తంతా కలిపినా మన రూపాయి బిళ్ల మందం ఉండదు. "ఈ మాత్రానికి ఇంత రాద్ధాంతమా?" అని మా బావ అన్నది ఈ లెక్క విన్నాకే. తీగకూ మెట్టుకూ మధ్య మనం ఉంచే ఖాళీ కూడా ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లే కదా అన్నది నా జవాబు. ఆ ఖాళీతో పోల్చి చూసినప్పుడు అర మిల్లీమీటరు చిన్నది కాదు.

నా మొదటి గిటారు కథ చెబితే ఆ అర మిల్లీమీటరు ఏం చేస్తుందో తెలుస్తుంది. ఒకచోట బాడీ, బ్రిడ్జి చవకగా దొరికాయి. ఆ పెట్టెలోని నెక్ మెట్లు బాగా లేవని పేరు ఉండడంతో, నెక్ మరొకచోట తెప్పించాను. స్కేలు పొడవు (నట్ నుంచి బ్రిడ్జికి ఉండే దూరం) సరిచూశాను, నెక్ కూర్చునే గాడి వెడల్పు సరిచూశాను, మరల కన్నాలు కూడా సరిచూశాను. అడ్డవంపు చూడలేదు. నెక్ పాతకాలపు పద్ధతిలో 184 మిల్లీమీటర్లది. బ్రిడ్జి ట్యూన్-ఓ-మాటిక్ రకం, అంటే రెండు స్తంభాల మీద నిలిచే ఒకే ముక్క. దాన్ని మొత్తంగా పైకీ కిందికీ జరపవచ్చు గాని, ఒక్కో తీగను విడిగా ఎత్తడానికి వీలుండదు. దాని చాపం పుట్టుకతోనే 12 అంగుళాలది.

తీగలు కట్టిన సాయంత్రం ఒకటో తీగ, ఆరో తీగ హాయిగా పలికాయి. మధ్యనున్న మూడు, నాలుగు తీగలు ఏ మెట్టు మీద నొక్కినా ఈగ దూరినట్టు జుయ్యిమన్నాయి. బ్రిడ్జిని ఎత్తితే మధ్యవి సర్దుకున్నాయి గాని అంచులవి చేతికి అందనంత ఎత్తుకు పోయాయి. మళ్లీ దించాను, మళ్లీ ఎత్తాను. మెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయనుకుని రెండు వారాలు వాటిని అరగదీశాను. ఇప్పటికీ బాధపెట్టేది ఈ పనే, ఆ మెట్లలో ఏ దోషమూ లేదు. నిలువువంపు తప్పనుకుని ట్రస్ రాడ్ తిప్పాను. చివరికి ఒక రాత్రి కాగితం మీద లెక్క వేశాను. బ్రిడ్జి దగ్గర అంచు తీగ మధ్యగీత నుంచి 25 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ దూరంలో 184 వృత్తం 1.7 మిల్లీమీటర్లు దిగితే, 305 వృత్తం ఒక మిల్లీమీటరుకు కాస్త పైగా మాత్రమే దిగుతుంది. అంటే నా బ్రిడ్జి మీద అంచు తీగలు ఉండవలసిన దానికంటే 0.65 మిల్లీమీటర్లు ఎత్తున కూర్చున్నాయి. రెండో తీగ, ఐదో తీగ 0.25 దాకా ఎత్తున ఉన్నాయి. మూడు, నాలుగు తీగలకు తేడా లేనట్టే.

ఇంత తెలిశాక మందు సులభం. బ్రిడ్జిని మధ్య తీగలకు సరిపోయేటంత ఎత్తి, అంచు తీగల గాళ్లను సన్నని ఆకురాయితో 0.65 లోతుకు, వాటి పక్కవాటిని 0.25 లోతుకు దించాలి. మొదటి బ్రిడ్జి మీద ఆరో తీగ గాడిని అతిగా అరగదీసి పాడుచేశాను. రెండోది కొని నెమ్మదిగా చేస్తే కుదిరింది. అదే ఫెండర్ తరహా బ్రిడ్జి అయివుంటే ఈ గొడవే లేదు. అందులో ఆరు తీగలకూ ఆరు విడి శాడిళ్లు, అంటే తీగ ఆనే చిన్న దిమ్మలు, ఉంటాయి, ఒక్కోదాన్ని చిన్న ఆలెన్ మరతో ఎత్తి ఏ వంపుకైనా సరిపెట్టవచ్చు. కనుక వంపు ఎంతో తెలియని నెక్‌ను కొనక తప్పకపోతే కనీసం విడి శాడిళ్ల బ్రిడ్జి ఉన్న కిట్ ఎంచుకోవడం మంచిది. అది మన అజ్ఞానాన్ని కొంత క్షమిస్తుంది.

ఇక ఎంత వంపు ఎంచుకోవాలి అన్న ప్రశ్న. "అదంతా అలవాటు, ఏదైనా నెల రోజుల్లో చేతికి పడిపోతుంది" అన్నది దీనికి తరచూ వినిపించే సమాధానం. తీగలన్నీ కలిపి మీటే కార్డుల వరకు ఆ మాట నిజమే. మా గజపతి జిల్లాలో గిటారు ఎక్కువగా వినిపించేది చర్చిల్లో. అక్కడ సాయంత్రమంతా ఒకే చూపుడువేలితో ఆరు తీగలూ అదిమిపట్టి వాయించే నా స్నేహితుడికి 9.5 అంగుళాల బోర్డు హాయిగా ఉంటుంది. వేలికి సహజంగా ఉన్న వంపుకు బోర్డు గుండ్రం కుదురుతుందని అతడంటాడు. అతడితో నాకు తగవు లేదు. తీగను పక్కకు లాగి వాయించేవాళ్లకు మాత్రం అలవాటు అన్న సమాధానం చాలదు. మనలో ఎక్కువమంది చెవి కోరేది ఆ లాగుడే.

లాగుడు అంటే మనకు మొదట గుర్తొచ్చేది వీణ. పర్లాకిమిడికి బొబ్బిలి దూరం కాదు. పనస దుంగను తొలిచి అక్కడ వీణలు చేసే పద్ధతిని నేను ఒకసారి గంటసేపు నిలబడి చూశాను. ఇరవై నాలుగు ఇత్తడి మెట్లను నల్లని మైనపు గట్ల మీద ఒక్కొక్కటిగా కూర్చి, చెవితో స్వరం సరిచూసి అదిమే ఘట్టం దగ్గర నా కాళ్లు కదల్లేదు. ఆ మెట్లు ఎత్తుగా, అడ్డంగా తిన్నగా ఉంటాయి. వీణ మీద ఒకే మెట్టు దగ్గర తీగను లాగి రెండు మూడు స్వరాలు పైకి వెళతారు. మెట్టు తిన్నగా ఉండబట్టి తీగ ఎంత పక్కకు జరిగినా దాని కింద ఎత్తు మారదు. గమకం మధ్యలో గొంతు పూడుకుపోదు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు జంట తీగల మాండలిన్‌ను వదిలి ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించడం కూడా ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగ్గది. గమకం కావాలంటే వాద్యం ఒళ్లే మారవలసి వచ్చింది.

గుండ్రని బోర్డు మీద లాగినప్పుడు జరిగేది ఇది. ఒకటో తీగ బోర్డు అంచున, అంటే తాబేలు వీపు పల్లంలో ఉంటుంది. దాన్ని లోపలికి నెడితే వేలికింది భాగం వీపు మీదికి ఎక్కుతుంది, బ్రిడ్జి దగ్గరి కొస మాత్రం పల్లంలోనే ఉండిపోతుంది. తీగ ఈ రెండింటి మధ్య తిన్నని గీతలా సాగుతుంది. బోర్డు తిన్నగా లేదు, మధ్యలో ఉబ్బి ఉంది. తీగను దాని బ్రిడ్జి స్థానం నుంచి 20 మిల్లీమీటర్లు లోపలికి నెట్టామనుకుంటే, దారి మధ్యలో 184 రేడియస్ బోర్డు తీగ వైపు పావు మిల్లీమీటరుకు కాస్త పైగా పైకి లేస్తుంది. 400 రేడియస్ అయితే అందులో సగం కంటే తక్కువే లేస్తుంది. తీగ తక్కువ ఎత్తులో ఉన్న గిటారు మీద ఆ పావు మిల్లీమీటరు చాలు, ముందున్న మెట్టు తీగను తాకి స్వరం ఠక్కున చచ్చిపోతుంది. అప్పుడు తీగలన్నిటినీ ఎత్తుకోవడం తప్ప దారి లేదు. ఫెండర్ తన గిటార్లకు ఇచ్చే కొలతల్లోనే ఈ సంగతి దాగి ఉంది. 7.25 అంగుళాల బోర్డుకు 17వ మెట్టు దగ్గర మంద్రపు వైపు 2 మిల్లీమీటర్లు, తారపు వైపు 1.6 ఎత్తు ఉంచమంటారు. 15 నుంచి 17 అంగుళాల బోర్డుకు అవే 1.6, 1.2 చాలంటారు.

అందుకే నా పక్షం స్పష్టం. గమకం కోసం, లాగుడు కోసం గిటారు చేసుకునేవారు 12 అంగుళాలకు తక్కువ ఉన్న బోర్డు జోలికి పోవద్దు. పాత స్ట్రాటోకాస్టర్ మీద మోజుతో 7.25 ఎంచుకునేవారు ఆ మోజుకు తీగల ఎత్తు రూపంలో ఎంత చెల్లిస్తున్నారో తెలిసి ఎంచుకోవాలి. కాంపౌండ్ రేడియస్ అని మరో రకం ఉంది. నట్ దగ్గర 10 అంగుళాలు, చివర 16 అంగుళాలు అన్నట్టు పోనుపోను చదునయ్యే బోర్డు అది. తీగలు కూడా నట్ నుంచి బ్రిడ్జికి విచ్చుకుంటూ పోతాయి గనుక శంకువు ఆకారమే వాటికి సహజం. కిట్‌లో అది దొరికి ధర అందుబాటులో ఉంటే తీసుకోవచ్చు.

కొన్నాక మార్చుకోలేమా అంటే మార్చుకోవచ్చు. మెట్లన్నీ వేడిచేసి ఊడబెరికి, వంపుదిద్దిన చెక్కదిమ్మకు ఉప్పు కాగితం చుట్టి బోర్డును ఆ చివర నుంచి ఈ చివరకు రుద్దుతూ పోవాలి. చివరి మెట్టు దగ్గర 56 మిల్లీమీటర్ల వెడల్పున్న బోర్డును 184 నుంచి 400కు తేవాలంటే మధ్యలో ఒక మిల్లీమీటరుకు పైగా చెక్క పోతుంది. మెట్ల గాళ్ల లోతు తగ్గిపోతుంది, నడుమ పొదిగిన చుక్కలు పలచబడతాయి. గాళ్లు మళ్లీ లోతుచేసి, కొత్త మెట్ల తీగను బోర్డు కంటే కాస్త ఎక్కువ వంచి సుత్తితో దిగ్గొట్టాలి. మా వీధి వడ్రంగి మేస్త్రి నా నెక్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, దీన్ని రుద్దే రోజుల్లో కొత్తది చెక్కుకోవచ్చండి" అన్నాడు. నేనా పని మొదలుపెట్టలేదు.

అమ్మేవారిని అడిగేటప్పుడు "రేడియస్ ఎంత" అని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. నెక్‌ది ఎంత, బ్రిడ్జిది ఎంత, శాడిళ్లు విడివిడిగా ఎత్తవచ్చా, నట్ ముందే కోసి ఉందా అని నాలుగూ అడగాలి. జవాబు రాకపోతే పెట్టె వచ్చిన రోజునే, ఒక్క మర కూడా బిగించకముందే కొలవాలి. సూత్రం తేలికే. వెడల్పును వెడల్పుతో గుణించి, మధ్య ఎత్తుకు ఎనిమిది రెట్లు చేసి దానితో భాగిస్తే రేడియస్ వస్తుంది. 56 మిల్లీమీటర్ల వెడల్పు, 1.3 ఎత్తు ఉంటే దాదాపు 302, అంటే 12 అంగుళాల బోర్డు. కాని ఈ కొలతను నేను నమ్మను. ఎత్తు కొలవడంలో 0.1 మిల్లీమీటరు పొరబడితే జవాబు పాతిక మిల్లీమీటర్లు అటూ ఇటూ ఊగుతుంది. అందుకే అట్టముక్కలు. దారానికి పెన్సిలు కట్టి గీసిన చాపం పనికిరాదు, దారం సాగుతుంది. సన్నని చెక్కపట్టీకి ఒక కన్నం, దాని నుంచి సరిగ్గా 184, 241, 305, 400 మిల్లీమీటర్ల దూరాల్లో నాలుగు కన్నాలు పెట్టి, మొదటిదాన్ని మేకుకు తగిలించి, మిగతావాటిలో పెన్సిలు మొన దూర్చి గీస్తే నాలుగు చాపాలు వస్తాయి. చాపం లోపలి ముక్క పారేసి, బయటి ముక్కను బోర్డు మీద నిలబెట్టాలి. మెట్లు బిగించి ఉన్న నెక్ అయితే రెండు మెట్ల నడుమ చెక్క మీద ఒకసారి, మెట్టు మీద ఒకసారి చూడాలి. రెండూ ఒకటి కాకపోవడం నేను చూశాను.

రెండో కిట్ 305ది తీసుకున్నాను. నెక్, బ్రిడ్జి రెండూ అట్టకు సరిపోయాయి. దానితో వచ్చిన ప్లాస్టిక్ నట్ మాత్రం మధ్యలో వెలుగు చూపించింది, అంటే కావలసిన దానికంటే చదును. నట్‌కు చాలామంది ఎముక వాడతారు, కొమ్ము దానికంటే మెత్తన. అయినా కొమ్ము పనికి పేరున్న ఊళ్లో ఉండి ప్లాస్టిక్ ముక్కను వేరే ఊరి నుంచి తెప్పించడం నాకు మనస్కరించలేదు. నాకు తెలిసిన ఒక కొమ్ము పనివారి దగ్గరకు అట్టముక్క పట్టుకుని వెళ్లాను. ఆయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో చాపం మీద ఒకసారి తడిమి, "ఇది దువ్వెన వీపే గదా బాబూ, కాకపోతే బాగా చదునైన దువ్వెన" అన్నారు. నల్లని గేదెకొమ్ము ముక్కను కత్తితో గీకుతూ, అట్టకు ఆనించి చూసుకుంటూ, అరగంటలో చేతికిచ్చారు. డబ్బు ఎంతని అడిగితే టీ చెప్పమన్నారు.

మర్నాడు కిటికీ దగ్గర చూస్తే ఒకటో తీగ వైపు అంచున వెంట్రుకంత వెలుగు కనిపించింది. ఉప్పు కాగితాన్ని బోర్డు మీదే పరిచి, నట్ అడుగును దానిమీద నాలుగుసార్లు రుద్ది, అంటించాను. తీగలు కట్టి, మూడో మెట్టు దగ్గర నొక్కిపట్టి ఒకటో మెట్టు మీద చూస్తే తీగకూ మెట్టుకూ మధ్య కాగితం దూరీదూరనంత సందు ఉంది, ఆరు తీగలకూ. పన్నెండో మెట్టు దగ్గర ఒకటో తీగను లాగితే ఒక స్వరం పైకి వెళ్లింది. ఇంకా లాగితే స్వరమున్నర పైకి వెళ్లి నిలబడింది.